అందరూ తిన్నాక తిన్న ముద్ద

సాగర్ నీళ్లొచ్చి మిర్యాలగూడలో రైస్‌మిల్లులు వరసగా లేస్తున్న రోజులవి. మాదీ ఒక మిల్లే. మగవాళ్లూ అత్తమ్మా తిన్నాక వంటింట్లో నేనొక్కదాన్నే తినేదాన్ని. ఆ రోజు పప్పన్నం ముద్ద మింగగానే గుండె జారినట్టయి కళ్లు చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి కంచం మీద పడి ఉన్నాను, జుట్టంతా పప్పు. నవ్వొచ్చింది. రెండోసారి పడ్డప్పుడు నవ్వు రాలేదు.

చప్పుడు విని వచ్చినవాళ్లకు నేను పడి ఉండటమే కనిపించేది. ఫిట్సనుకుని మిల్లు తాళాలగుత్తి నా చేతిలో పెట్టి, నోట్లో నీళ్లు పోసేవాళ్లు. ఆ గుక్క మింగితే మళ్లీ చీకటే. మింగినప్పుడే వస్తోందని నేను మొత్తుకుంటే అత్తమ్మ, "తిండి సాలక గట్లయితది, ఇంకో ముద్ద తిను" అనేది. ఊళ్లో డాక్టరు ఫిట్స్ అని గోళీలిచ్చాడు. మత్తు తప్ప గుణం లేదు.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది పాప సంగతి. పిల్లతో సహా పడిపోతానని, పాలు తాగే పాపను ఎత్తుకోనిచ్చేవాళ్లు కాదు. అత్తమ్మ పక్కనే కూర్చుని పాలిప్పించి, వెంటనే తీసుకుపోయేది. ఆమె మీద ఒళ్లు మండిపోయేది. తినాలంటే భయం, తినకపోతే పాలు లేవు.

చివరికి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతే, అక్కడి పెద్ద డాక్టరు, "పడే ముందు ఏం చేస్తున్నది? ఎవరు చూశారు?" అని అడిగారు.

అత్తమ్మ గొంతు తగ్గించింది. "కోడలు తినేటప్పుడు మేమెవ్వరం ఉండం సారూ."

"అయితే ఇవాళ ఎదురుగా కూర్చోని చూడండి."

ఆ మధ్యాహ్నం దవాఖాన వరండాలో నేను తింటుంటే, ఆమె మొదటిసారి నా ఎదురుగా కూర్చుంది. పడ్డాను. లేచేసరికి డాక్టరుతో చెబుతోంది: "కాలూ సెయ్యీ కొట్టుకోలె సారూ. ముద్ద దిగింది, పిల్ల వాలింది."

ఈసీజీ తీగలు పెట్టి నీళ్లు తాగమన్నారు. కాగితం మీద గీత కాసేపు లేవనే లేదు. "ఫిట్స్ కాదమ్మా. మింగినప్పుడు వేగస్ అనే నరం రిఫ్లెక్స్‌తో గుండె కొట్టుకునే వేగం పడిపోతోంది." హైదరాబాదులో బేరియం మందు తాగించి ఎక్స్‌రే తీస్తే, అన్నం దిగే గొట్టం బిగుసుకుపోవడం కనిపించింది. అదే కారణమని మాత్రం ఎవరూ ఖాయంగా చెప్పలేదు.

మందులతో నోరు పిడచకట్టుకుపోయేది. కాస్త నయమైందని కోదాడ పుట్టింట్లో చల్లటి గోలీసోడా తాగాను. గుమ్మంలోనే కూలిపోయాను. ఆ భయం ఇంకా పోలేదు. చిన్న ముద్దలు, గోరువెచ్చని నీళ్లు, ఇదీ ఇప్పటి నా బతుకు.

సూర్యాపేట నుంచి వచ్చిన రోజే అత్తమ్మ పాపను నా ఒళ్లో పెట్టి, "మింగేటప్పుడే గద పడేది. నీ పిల్ల, నువ్వే ఎత్తుకో" అంది. అన్నం వేళకు తన కంచం తెచ్చి నా కంచం ఎదురుగా పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు నాకు. ఈనాటికీ నేను రానిదే ఆమె ముద్ద కలపదు.

పడిపోయినవాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మీ ఇంట్లో ఆఖరున తినేదెవరో, ఇవాళ ఆమె ఎదురుగా కూర్చోండి.