ఏ చోట ఎంత పెట్టిండు?

లెక్క చదవగానే వినోదకు ఒళ్లు మండింది. ఎవడో యాభై వేలు రెండు చోట్ల పెట్టాడట. ఒకచోట పది శాతం వడ్డీ, ఇంకోచోట పన్నెండు. మొత్తం వడ్డీ చెప్పి, ఏ చోట ఎంత పెట్టాడో కనుక్కోమన్నారు.

"పది రూపాయల మిత్తా! గాడెవడు, మంది రక్తం తాగెటోడు?"

మెట్‌పల్లిలో మిత్తి, అంటే వడ్డీ, నూటికి నెలకే లెక్క మరి. పక్కింటి నవీన, ఓపెన్ టెన్త్‌కు ఆమెకు ట్యూషన్ చెప్పే పిల్ల, నవ్వాపుకుంది.

"అది ఏడాదికి, అక్కా. ఒక భాగం ఎక్స్ అనుకో. మిగిలింది యాభై వేలల్ల ఎక్స్ తీసెయ్."

"ఎందుకనుకోవాలె? ఇచ్చినోనికి ఎంతిచ్చిండో యాదుండదా?"

తిట్టుకుంటూనే చేసింది. జవాబు సరిగ్గా వచ్చింది. అప్పుడు తట్టింది, ఇచ్చినవాడికి తెలుసు, తెలియనిది తనకే.

తల్లిగారి పొలంలో తన వాటా, రెండు లక్షలు. కుట్టు దుకాణం పెట్టుకునేదాకా తిప్పమని మొగుడు సుధాకర్ చేతిలో పోసింది. సగం బట్టల సేటుకు రెండు రూపాయల మిత్తికి, సగం అన్న రాములుకు రూపాయి మిత్తికి ఇచ్చానన్నాడు. నెలనెలా రెండు వేల మూడు వందలు తెచ్చిస్తున్నాడు. సగం సగమైతే మూడు వేలు రావద్దూ!

సేటు దగ్గరిది ఎక్స్ అనుకుంది. ముప్పై వేలు తేలింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

సుధాకర్ ఇంకా చెప్పులు విడవలేదు.

"మీ అన్నకు లక్షా డెబ్బై వేలిచ్చినవా?"

"నీకెవలు చెప్పిండ్రు?"

"నువ్వు చెప్పలే గదా, లెక్క చేసుకున్న! నోటు ఎవరి పేరు మీదున్నది?"

"అన్న దగ్గర నోటేందే? ఇజ్జత్ పోదా?"

నోటే లేదు! రేపు రాములు కాదంటే దుకాణం గంగలో కలిసినట్టే. ఇంత మోసం కట్టుకున్నవాడే చేశాడా అనుకుంది వినోద. చెంగు బిగించి నేరుగా రాములు ఇంటికి పోయింది. వెనకాల సుధాకర్ బతిమాలుతూనే ఉన్నాడు.

రాములు అన్నం తింటున్నాడు. "కూసో బిడ్డా. అన్నదమ్ముల నడుమ కాయితాలెందుకు?"

"పైసలు అన్నదమ్ములయి కావు బావా, నాయి," అంటూ ఎదురుగా కూర్చుంది. "తిను. తిన్నంక నా పేరు మీద నోటు రాయి. రాసేదాక నేను లేవ."