బురదతో చేసిన మారిషస్

పోయిన శనివారం తాడేపల్లిగూడెంలో మా అక్క కూతురు చదివే బడి హాల్లో ఉన్నవాళ్ళూ, ఉన్నవీ ఇవి: ఆరు బల్లలు, వాటి మీద ఏడు థర్మాకోల్ దీవులు, దీవికి నాలుగు చొప్పున ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు, ఫోన్లు ఎత్తి పట్టుకున్న తల్లిదండ్రులు నలభై మంది దాకా, టీచర్లు ముగ్గురు, ఒక మైకు, మా అక్క, మా బావగారు, నేను. పిల్లలకు ద్వీపదేశాల చరిత్ర, భూగోళం పరిచయం చేయడమట. ఏడు దీవులూ ఒకే కొట్టులో కొన్నవని చెప్పడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు; జెండాలు మారాయి గాని ఒడ్డున గొడుగులూ, గొడుగుల కింద కుర్చీలూ ఏడింటికీ ఒకటే. "ఇది ఏ దేశమే?" అని మా మేనకోడల్ని అడిగితే అది ముందు జెండా వైపు, తర్వాత వాళ్ళమ్మ వైపు చూసి, "నా టర్న్ ఇంకా రాలేదు మామయ్యా" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం రోత పుట్టింది. ఆ రోత ఆ హాల్లో మొదలైంది కాదు, ఎనిమిదేళ్ళ నాటిది, అందులో నా వాటా కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

సివిల్ డిప్లొమా పూర్తయి ఉద్యోగం రాని ఏడాది, కైకలూరు దగ్గర మిషను కాలం నాటి ఒక చర్చి బడిలో, సోషల్ టీచరమ్మ గారు సెలవు మీద వెళ్తే ఆవిడ స్థానంలో పాఠాలు చెప్పాను. ఎనిమిదో తరగతిలో ఇరవై ఆరుగురు. ఏలూరులో బడులన్నిటికీ కలిపి ఒక ప్రదర్శన పెట్టి, ఒక్కో బడికి ఒక్కో దేశం ఇచ్చారు. మాకు మారిషస్ వచ్చింది. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన బడి అట్లాసులో ఆ దేశం ఒక చుక్క, దాని పేరు దానికంటే పొడుగు. చుక్కను చూపించి చరిత్ర చెప్పడం నా వల్ల కాక, మూలన పడి ఉన్న తలుపు రెక్కలు రెండు పక్కపక్కన మేకులు కొట్టి, అర కిలోమీటరుకు ఒక సెంటీమీటరు లెక్కన కొలతలు గీశాను. అరవై అయిదు కిలోమీటర్ల దీవి నూట ముప్ఫై సెంటీమీటర్లయింది. ఎత్తులు మాత్రం అయిదు రెట్లు పెంచాం, లేకపోతే ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద కొండ కూడా వేలి మందమే వస్తుంది. ఎండగట్టిన చేపల చెరువు అడుగు నుంచి పిల్లలు నల్లటి బంకమన్ను మోసుకొచ్చారు, పగుళ్ళివ్వకుండా ఊక కలిపి తొక్కారు, పదిరోజుల పాటు మా క్లాసు ఏ గదిలో ఉందో బడిలో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది, వాసనే చెప్పేది.

చేపల చెరువుల మధ్య పెరిగిన మా వైపు పిల్లలకు ముందు గట్టు, తర్వాతే నీళ్ళు. దీవి చుట్టూ పగడాల దిబ్బ ఉంటుంది, దాని వల్లే ఒడ్డున నీళ్ళు నిలకడగా ఉంటాయి అని చెప్పగానే చుట్టూతా చక్కగా చెరువు గట్టు పోసేశారు. అప్పుడు ఒక అమ్మాయి లేచింది. వాళ్ళమ్మ రొయ్యల తలలు తీసే షెడ్డులో పని చేసేది, సెలవుల్లో తనూ వెళ్ళేది. "గట్టుంటే తూముండాలి కదండీ. నీళ్ళు మారకపోతే లోపలున్నవన్నీ చచ్చిపోవాండీ?" అంది. సముద్రానికి తూములేంటమ్మా అని నేను నవ్వాను, నేను నవ్వానని క్లాసంతా నవ్వింది. ఇంటికెళ్ళాక అనుమానం వచ్చి ఉపగ్రహం తీసిన ఫొటోలు వెతికితే, నదులు సముద్రంలో కలిసే చోట్లకు ఎదురుగా ఆ దిబ్బకు నిజంగానే గండ్లున్నాయి. మంచినీళ్ళు తగిలిన చోట పగడం పెరగదట. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి పుల్లతో ఒక్కో గండీ కొలిచి కోసింది.

చరిత్ర కూడా అలాగే నడిచింది. మొదట అక్కడ మనుషులే లేరని, డచ్చివాళ్ళు చెరకు తెచ్చారని, ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చారని, బానిసత్వం రద్దయ్యాక ఇంగ్లీషువాళ్ళు మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించారని, వాళ్ళలో కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి వెళ్ళిన మన తెలుగువాళ్ళూ ఉన్నారని చెప్పాను. ఎంత దూరమో, ఏం పనో చెప్పకుండానే చాలామందిని మేస్త్రీలు తీసుకుపోయారని చెబుతుంటే ఆ అమ్మాయి, "మా అమ్మావాళ్ళ మేస్త్రీ కూడా వ్యానెక్కాకే చెప్తాడండీ, ఇవాళ ఏ షెడ్డో" అంది. ఏలూరులో దీవి పక్కన నిలబడి చెప్పేది తనేనని క్లాసంతా చేతులెత్తి తేల్చింది. తను ఎప్పుడూ ఏలూరు చూడలేదు. వాళ్ళమ్మ ఆ రోజుకి పని మానుకుని బస్సులో వస్తానందని నాతో మూడుసార్లు చెప్పింది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు బడి కరస్పాండెంట్ గారు, రొయ్యల మేత కొట్టు పెట్టుకున్న ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. బడికి ఫ్యాన్లు ఇచ్చింది ఆయనే, ఆయన కొడుకు మా క్లాసే. "ఏంటండీ మాస్టారూ ఈ కంపు? అక్కడికి అతిథులొస్తారండీ" అన్నారు కరస్పాండెంట్ గారు. కారులోంచి థర్మాకోల్ దీవి ఒకటి దింపారు: పళ్ళెంలా గుండ్రంగా, ఏ దేశమూ కాకుండా, మధ్యలో ఒక హోటలుతో. ఏలూరులో దాని పక్కన నిలబడి చెప్పేది మేత కొట్టాయన కొడుకట. మరి ఆ అమ్మాయండీ అని నేను గొణిగితే, మేత కొట్టాయన పెద్దగా నవ్వి, "ఆ పిల్ల పట్టుకుంటే మైకు కూడా రొయ్యల వాసనొస్తదండీ" అన్నాడు. ఆయన చొక్కా నిండా మేతలో కలిపే చేపపొడి వాసన. కరస్పాండెంట్ గారు కూడా నవ్వారు. అమ్మాయి కిటికీ పక్కనే ఉంది, వినపడకపోవడానికి వీల్లేదు.

నేనేం చేశానో వరసగా చెబుతాను. ఏలూరులో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో నాకు ఉద్యోగం ఖాయమయ్యేలా ఉంది, ఆ ఏడాది ఖాళీగా లేనని సర్టిఫికెట్ తెమ్మన్నారు, దాని మీద సంతకం చేయాల్సింది కరస్పాండెంట్ గారు. "అలాగేనండీ" అన్నాను. ఆ అబ్బాయికి ఎనిమిది వాక్యాలు రాసిచ్చాను. ఓడలు, కూలీలు, మేస్త్రీలు ఉన్న వాక్యాలు నేనే కొట్టేశాను, ఎవరూ అడగకుండానే. ఏలూరులో ఆ అబ్బాయి కాగితం చూసి చదివాడు, పాపం వాడి తప్పేమీ లేదు. న్యాయనిర్ణేతలు హోటలును మెచ్చుకుని మొదటి బహుమతి ఇచ్చారు. ఫొటోలో నేను ఎడమ నుంచి రెండోవాణ్ణి, నవ్వుతున్నాను. సర్టిఫికెట్ ఆ సాయంత్రమే చేతికొచ్చింది.

సోమవారం, గది ఖాళీ చేయమన్నారు. గేటు దగ్గర వానకు పడిన గుంటలో ఆ మట్టి పోయమన్నారు. కొండల్ని గునపంతో నేను పగలగొట్టాను, పిల్లలు తట్టల్లో మోశారు, ఆ అమ్మాయి కూడా మోసింది. "ఏమే, మీ మారిషస్ మునిగిపోయిందే!" అని ఒకడు ఎకసెక్కమాడితే, "మునగలేదురా, రోడ్డయ్యింది. తొక్కుకుంటూ పో" అంది. నా వైపు మాత్రం చూడలేదు. పరీక్షల దాకా క్లాసులో మళ్ళీ లేచి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఇప్పుడు నేను రోడ్ల పని చేస్తాను, ఎంత మట్టి ఎన్ని తట్టలవుతుందో చూడగానే చెప్పగలను. అట్లాసులో చుక్కగా ఉన్న దేశం ఇప్పుడు ప్రతి పిల్ల చేతిలోనూ ఉంది, వేళ్ళతో లాగితే పగడాల దిబ్బా, దానికున్న గండ్లూ విడివిడిగా కనబడతాయి. అవి అక్కడే ఎందుకున్నాయని అడిగిన పిల్లను ఈ ఎనిమిదేళ్ళలో నేను చూడలేదు. అలా అడిగే పిల్లల నోళ్ళు ఎలా మూతపడతాయో మాత్రం నాకు తెలుసు. గేటు దగ్గర గుంట ఆ రోజు మధ్యాహ్నానికి పూడింది. మొత్తం పదకొండు తట్టలు.