జీవరత్నం అయ్యగారి కార్బన్ కాగితం

కోరుట్ల పాస్టరు జీవరత్నం అయ్యగారికి లోకంలో ఉన్నది ఒకటే వ్యసనం: దరఖాస్తు రాయడం. కింద కార్బన్ పెట్టకుండా ఆయన చుట్టాలకు ఉత్తరం కూడా రాసి ఎరుగడు. దేవుడితోనూ అదే వరస.

"మహారాజశ్రీ పరలోకమందున్న తండ్రిగారి దివ్య సముఖమునకు. విషయం: వానలు పడకపోవుట గురించి. మెట్‌పల్లిలో పసుపు, ముత్యంపేటలో చెరుకు ఎండుతున్నవి గనుక..." చివర అందరూ ఆమేన్ అనేవాళ్లు. ఆయన మాత్రం "ఇట్లు తమ విధేయుడు" అని, అప్పుడు ఆమేన్ అనేవాడు.

ప్రసంగం మోక్షం దాకా వచ్చి హఠాత్తుగా ఆగేది. "పోశవ్వా, పింఛన్ కాయితం మీద ఏలుముద్ర ఏసినవా?"

పోశవ్వ మైసమ్మకు కోడిని కోసే మనిషి. చర్చికి వచ్చేది ఆ కాగితం కోసమే. "గామె మనామె గాదు గదా అయ్యగారూ," అని సంఘపెద్ద గొణిగితే, "ఆకలికి బాప్తిస్మం ఉంటదానయ్యా? ముసలోళ్లకు బువ్వ పెట్టుడు సర్కారు పని. యాదిచేసుడు మన పని," అనేవాడు.

ఆయన వెంట తిరిగే నేను కాలు నిలవని మనిషిని, దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ని. పరాయి దేశాల్లో కొందరు బిషప్పులు ఇదే మాట పాలకుల చెవిలో పోరారట. యుద్ధం వస్తే, మన సైన్యం చేసినా పాపం పాపమేనన్నారట. వాళ్లవి రాతి చర్చిలు, పట్టు అంగీలు. మా అయ్యగారిది రేకుల షెడ్డు. పని మాత్రం అదేనని ఎల్లేశం సంగతిలో తేలింది.

అవి అన్నల రోజులు, ఊళ్లలో నక్సలైట్ల దళాలు తిరిగే కాలం. తాళ్లెక్కి కల్లు గీసే ఎల్లేశం ఒకనాడు పొద్దున దళానికి జొన్న గటక పోశాడు, సాయంత్రం వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన పోలీసులకు కల్లు పోశాడు. పోలీసులు కల్లు తాగాక గటక సంగతి తెలుసుకొని, ఆయన్ని జీపెక్కించారు. మర్నాడు భార్య మొగిలవ్వ చర్చి గడపలో కూలబడింది.

"ఇడువకుంటె పోలీసోళ్లు సంపుతరు. ఇడిస్తె, ఎందుకిడిసిన్రని అన్నలు సంపుతరు. నేనేం జెయ్యాలె అయ్యగారూ?"

"ముందుగాల కండ్లు తుడుసుకో బిడ్డా, కాయితం తడుస్తది," అంటూ ఆయన కొత్త కార్బన్ తీశాడు.

"విషయం: ఎల్లేశం ఇంటికి వచ్చుట, వచ్చినాక బతికి ఉండుట గురించి. పట్టుబడ్డవానిని కొట్టరాదు. అన్నం పెట్టినవానిని శత్రువు అనరాదు. ఇవి యుద్ధంలో కూడా వర్తించును." పైన: "ప్రతులు: ఒకటి ఎస్సై గారికి, రెండు దళం వారికి." ఆఖరి రెండు లైన్లు చెయ్యి అడ్డం పెట్టుకొని రాశాడు.

"పాణం మీద తీపి లేదా అయ్యగారూ? ఇద్దరికి ఒకటే కాయితమేంది?" అన్నాను నేను.

"అడిగేది ఒకటే అయినప్పుడు కాయితాలు రెండెందుకయ్యా?"

దళం అడ్రసు ఎవరికి తెలుసు? బస్టాండు గోడ మీద, వాళ్ల ఎర్ర పోస్టరు పక్కనే, మైదాతో ఒకటి అంటించి, రెండోది పట్టుకొని స్టేషనుకు నడిచాడు. వెనక పరుగున నేను; గోడ మీది కాగితం చదివే తీరిక కూడా ఇవ్వలేదు.

ఎస్సై చదివాడు. మీసం లేచింది. "అన్నలకు కాపీనా? వాళ్లు నీకు చుట్టాలా?"

"మీరెంతనో వాళ్లంత సార్. ఇద్దరి కోసం రోజు ప్రార్థన జేస్త."

"ఏమని?"

"కాపీ ఉన్నది. తెమ్మంటరా?"

ఎస్సై మళ్లీ కాగితంలో తల దూర్చాడు. చివరికొచ్చేసరికి నోరు తెరిచి, అయ్యగారిని కింది నుంచి పైదాకా చూశాడు. "హెడ్డూ, గా ఎల్లేశంను ఇడిసిపెట్టు. మన స్టేషన్ల గన్ని కాయితాల్లేవు."

నాకేమీ అర్థం కాలేదు.

మూడోనాడు బస్టాండు గోడ మీద దరఖాస్తు లేదు. దాని చోట ఎర్ర అక్షరాలు: "ఎల్లేశం జోలికి రాము. అయ్యగారు మా దగ్గరికి రానవసరం లేదు."

"మిమ్ముల ఎవలు రమ్మన్నరు?" అని అడిగాను. ఆయన ఎల్లేశం ఎక్కుతున్న తాడిచెట్టు వైపు తల తిప్పాడు. ఆయన సంచిలోంచి ఆ కార్బన్ లాగి ఎండకు పట్టాను. నీలంలో తెల్లగా ఆ ఆఖరి రెండు లైన్లు:

"ఎల్లేశం తప్పు చేసినచో వానికి బదులు నన్ను పట్టుకొనిపోగలరు. పట్టుకొనిపోయినచో రోజుకొక దస్తా తెల్లకాగితాలు, కార్బన్‌తో సహా, ఇప్పించగలరు. ఇట్లు తమ విధేయుడు."