కొబ్బరి చిప్ప మీద నా లేజరు పాండిత్యం

ఓ పెళ్ళిలోంచి పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ ఒకేసారి మాయం చేసిన ఘనుణ్ణి నేనేనండీ. ఆయ్, నేనే! వినండి, నవ్వండి, నాకేం సిగ్గు మిగల్లేదు.

అప్పటికి హైదరాబాదు ల్యాబులో లెన్సుల డిజైన్ నేర్చుకుంటూ రెండేళ్ళు. గాజుబిళ్ళ మీద కంటికి ఆననంత సన్నటి గాట్లు లెక్కప్రకారం చెక్కితే, లేజరు వెలుగు ఒక చుక్కలా కాకుండా మనం కోరిన బొమ్మలా వచ్చి పడుతుంది. ఇంత విద్య తలకెక్కితే మనిషి నేలమీద నడుస్తాడా? పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు. నా విషయంలో పిట్టే లేదు, అంతా కూతే.

రాజోలులో మా సత్యవతత్తయ్య కొబ్బరి చిప్పలతో కుంకుమ భరిణెలు చేస్తారు. చిన్న లేజరు మిషను కొనుక్కున్నారు. మొట్టమొదటి పెద్ద ఆర్డరు: పెళ్ళిలో పంచడానికి అరవై భరిణెలు, మూతమీద మధ్యన కలశం, చెరోపక్కా వధూవరులు. నేను వెళ్ళిన రోజు సాయంత్రానికల్లా ఇవ్వాలి. ఇవి నచ్చితే ఆ పెళ్ళివారి చుట్టాలంతా తన దగ్గరికే వస్తారని ఆవిడ ఆశ.

"మీ మిషను ఒక్కో గీతా గీసుకుంటూ నత్తలా పోతోందత్తయ్యా. ఈ బొమ్మకోసమే లెన్సు చేయించి తెచ్చేను. ఒక్క దెబ్బకి మొత్తం కాలుతుంది!"

"ముందు ఒకటి కాల్చి, తుడిచి, నూనె రాసి చూడరా నాయనా."

కాల్చిన చిప్ప మసిమసిగా ఉంటుంది. తుడిచి కొబ్బరినూనె రాస్తేగాని బొమ్మ తేలదు.

"అట్టముక్క మీద చూసేనుగా! లెక్క తప్పదండీ."

అరవై చిప్పలూ టపటపా కాల్చి పడేసేను. మధ్యాహ్నం అత్తయ్య తుడిచి నూనె రాయడం మొదలెట్టేరు. ఒకటి. రెండు. పది.

"ఒరే, కలశం ఉంది. పెళ్ళికూతురేదిరా?"

"పక్కనే ఉంటుంది, సరిగ్గా చూడండి."

"పెళ్ళికొడుకూ లేడు. ఇద్దరూ కలిసి లేచిపోయేరా?"

అట్టముక్క చదును. చిప్ప గుండ్రం. ఎత్తుగా ఉన్న నడిమధ్యనే వెలుగు ఏదో కాస్త కుదిరింది. వాలుగా ఉన్న పక్కలకి దిగేసరికి చెదిరిపోయింది. కోనసీమలో పుట్టి, కొబ్బరి చిప్ప గుండ్రంగా ఉంటుందని మర్చిపోయిన వెధవ ఇంకొకడుంటే చూపించండి, వాడి కాళ్ళకి దణ్ణం పెడతాను.

అత్తయ్య తిట్టలేదు. తిట్టినా బావుణ్ణు. కళ్ళు తుడుచుకుని, పక్కింటి ఆడవాళ్ళనిద్దర్ని పిలిచి, సన్నటి ఇనపచువ్వలు పొయ్యిలో కాల్చి, అరవై జంటల్నీ చేత్తోనే వేసేరు. ల్యాబు మేధావి చువ్వలు అందించేడు.

సాయంత్రం పెళ్ళికూతురి తండ్రిగారు వచ్చేరు. ఒక భరిణె తీసి అటూ ఇటూ తిప్పి చూసేరు.

"జంట ఎంత ముచ్చటగా ఉందండీ! మా చుట్టాల పెళ్ళిళ్ళన్నిటికీ మీరే చెయ్యాలి, ఆయ్," అన్నారు. అత్తయ్య మొహం వెలిగిపోయింది. తర్వాత ఆయన గోరుతో మధ్యలో గీకి, "ఈ మసిమచ్చ ఒక్కటీ కాస్త తుడిపించెయ్యండి."

అది నా కలశమండీ!

మసి చేతులు జోడించి అక్కడికక్కడే శపథం పట్టేను: బతికున్నంతకాలం నా లెన్సు ఎవరి పెళ్ళి జోలికీ పోదు. నా పెళ్ళి జోలికైతే అసలే పోదు.