మూల గుంటలో పసుపు

మొన్న గులాబ్ జామూన్ చేద్దామని పాలపొడి డబ్బా మూత తీశాను. ఆ తియ్యని, కాస్త మగ్గిన వాసన తగలగానే చెంచా చేతిలోనే ఉండిపోయింది. మా ఇంట్లో అందరికీ అది పండగ వాసన. నాకు మాత్రం అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో నేనుండిన అపార్ట్‌మెంట్‌కి ఇరవై నిమిషాల దూరంలో, కిటికీలు లేని ఒక ల్యాబ్ వాసన. వసుంధర గారి వాసన. రక్తపరీక్ష చేసే ప్లాస్టిక్ పళ్ళేనికి కావలసింది తప్ప ఇంకేదీ అంటుకోకుండా ముందుగా పాలపొడి నీళ్ళతో పూత వేస్తారు. అక్కడి పాలపొడి డబ్బా మీద ఆవిడ నల్ల మార్కర్‌తో, ఇంతింత అక్షరాలతో, తెలుగులో రాసి పెట్టారు: "టీకి కాదు". ఆ అంతస్తు మొత్తం మీద తెలుగు చదవగలిగేది మేమిద్దరమే. ఆవిడ టీ మానేసి ఇరవయ్యేళ్ళు. కాబట్టి ఆ హెచ్చరిక ఎవరికోసమో వేరే చెప్పక్కర్లేదు.

అవి ఫోన్ కార్డు గీకి ఇంటికి మాట్లాడుకునే రోజులు. కరీంనగర్ నుంచి వచ్చి మాస్టర్స్ ముగించిన నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. వసుంధర గారు ఆ ల్యాబ్‌కి మేనేజర్. తెనాలి పక్కన పుట్టి, అమెరికా రాకముందు పదకొండేళ్ళు ఒక కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన మనిషి. పొట్టిగా, సన్నగా ఉండేవారు. ల్యాబ్ కోటు మోకాళ్ళ కిందికి వేలాడేది. మొదటిరోజు "మేడమ్" అన్నాను. "ఇక్కడ మేడమూ లేదు, గీడమూ లేదు. అందరిలాగే వసూ అను" అన్నారు. వసూ అనడానికి నోరు రాలేదు. వసుంధర గారి దగ్గర ఆగిపోయాను.

ఆరోజే ఇంకో మాట అడిగారు. "యూనివర్సిటీలో చేరినప్పుడు టీబీ స్కిన్ టెస్టుకి చెయ్యి పొంగిందా నీకు?"

"పొంగింది. టీబీ ఉందేమో అని ఎక్స్‌రే తీసిన్రు. మస్తు భయపడ్డ. ఏం లేదని చెప్పిన్రు."

"మన పిల్లలందరికీ ఇదే తంతు. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా అది. నువ్వు మర్చిపోయావు, నీ ఒళ్ళు మర్చిపోలేదు. దానికే జబ్బు అని పేరు పెడితే ఎట్లా?"

అప్పుడు ఊరికే తలూపాను. తలూపడంలో నేను మొదటినుంచీ దిట్టనే.

మా పని ఇదీ. క్షయ ఉన్న మనుషుల రక్తం, ఎక్కడెక్కడి దేశాల నుంచో మంచులో పెట్టిన చిన్న గొట్టాల్లో మా దగ్గరికి వచ్చేది. అందులో కుష్ఠు క్రిమిని గుర్తుపట్టే యాంటీబాడీలు ఉన్నాయేమో చూడాలి. ఈ రెండు క్రిములూ ఒక తల్లి బిడ్డల్లాంటివి. కాబట్టి క్షయవాడి రక్తంలో ఆ గుర్తు కనిపిస్తే, అతనికి నిజంగా కుష్ఠు సోకిందా, లేక పరీక్ష ఒకదాన్ని చూసి ఇంకొకటనుకుందా అన్నది ప్రశ్న. పళ్ళెంలో తొంభై ఆరు చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి. చివర్లో పోసే ఆమ్లంతో రంగు పసుపుకి తిరుగుతుంది. పసుపు ఎంత చిక్కనైతే యాంటీబాడీ అంత ఎక్కువ. ప్రతి పళ్ళెంలోనూ ఎడమ పైమూల గుంట మాత్రం పరీక్ష సరిగ్గా పనిచేస్తోందని చూపించేందుకు. అందులో తప్పకుండా పసుపెక్కే రక్తం పోయాలి. ఆ గొట్టం మీద "వ" అన్న ఒక్క అక్షరం ఉండేది. ఏదో వరుస గుర్తనుకుని, నాలుగు నెలలు అడక్కుండా పోశాను.

వసుంధర గారి పద్ధతి ఒకటి ఉండేది. గొట్టాల మీద పేరు, దేశం, జబ్బు ఏవీ ఉండకూడదు, అంకె మాత్రమే. ఏ అంకె ఎవరిదో రాసిన పుస్తకం ఆవిడ సొరుగులో తాళం కింద. "తెలిస్తే కన్ను మాట వినదు" అనేవారు. జబ్బు లేనివాళ్ళ రక్తం కూడా పోలికకి కావాలి గనక సంతకాలు పెట్టి మేమూ ఇచ్చాం. నా వంతు ఉగాది మర్నాడు పడింది. పరగడుపున రమ్మన్నారు. క్యారీలో మాకందరికీ అన్నం పెట్టే ఒక ఆంటీ ముందురోజు డబ్బా నిండా పోలెలు, అదే బొబ్బట్లు, కట్టిచ్చింది. పొద్దున్నే నెయ్యి కారేట్టు నాలుగు తిని వెళ్ళాను. తీసిన రక్తం పేరుకున్నాక పైన తేలే సీరం తేటగా రావలసింది పాలలా తెల్లబడి వచ్చింది. "నీ రక్తంలో నెయ్యి తేలుతోందే శైలూ!" అని ఆవిడ గొట్టం వెలుతురుకి పట్టి మరీ నవ్వారు. అంకె వేసి అన్నిటిలో కలిపేశారు. కానీ రెండు వందల గొట్టాల్లో తెల్లటిది ఒక్కటే. అది నాదని గుడ్డివాళ్ళకైనా తెలుస్తుంది.

ఆ తెల్ల గొట్టం వంతు వచ్చిన రోజు ఆమ్లం పోసి పళ్ళెం ఎత్తి చూశాను. చుట్టూ రంగెక్కని గుంటల మధ్య నాది చిక్కటి పసుపు. మా నానమ్మ ఆ జబ్బు పేరు కూడా నోటితో అనేది కాదు. "పెద్దరోగం" అని గొంతు తగ్గించి చెప్పేది. చదువు, ల్యాబు, ఇంగ్లీషు అన్నీ ఎటో పోయి ఆ గొంతు ఒక్కటే మిగిలింది. నాకు పెద్దరోగం వచ్చింది. ఇక నన్నెవరు ముట్టుకుంటారు? నోట్‌బుక్‌లో ఆ అంకె మీద అడ్డగీత కొట్టి, పక్కన "సీరం పాడైంది, తీసేశాను" అని రాశాను. చెయ్యి వణకలేదు కూడా. అందుకే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

వసుంధర గారు ప్రతి సాయంత్రం నోట్‌బుక్‌ని స్కేలు పెట్టి వరుస వరుసగా చదివేవారు. స్కేలు ఆ గీత మీద ఆగింది.

"ఇదెందుకు కొట్టేశావు?"

"నెయ్యి ఎక్కువుండె కదా. గందుకే తప్పు వచ్చింది కావచ్చు."

"కావచ్చు. ఇంకో పళ్ళెంలో ఒక క్షయ రోగికి ఇంతే పసుపు వచ్చింది. అతను ఏం తిన్నాడో అడిగావా? కొట్టేశావా?"

ఆవిడే వెనక్కి పేజీ తిప్పి ఆ వరుస మీద స్కేలు పెట్టారు.

"లేదు. పాజిటివ్ అని రాశావు. చక్కటి చేతిరాతతో రాశావు" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "రేపు నిజంగా పరగడుపున రా."

వెళ్ళాను. కొత్త సీరం తేటగా వచ్చింది. పళ్ళెంలో మళ్ళీ అదే పసుపు. నెయ్యి నిర్దోషి అని తేలిపోయింది. నేను స్టూలు మీద కూలబడి ఏడ్చాను. "నాకేమన్న అయితదా? ఇంట్ల ఎట్ల చెప్పాలె?" అంటూ ఏదేదో అన్నాను.

ఆవిడ నా ఎదురుగా ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఆ మూల గుంటలో నాలుగు నెలలుగా ఎవరి రక్తం పోస్తున్నావో తెలుసా?"

"వ అని రాసి ఉంటది..."

"వసుంధర. పదకొండేళ్ళు ఆ ఆసుపత్రిలో పుళ్ళు కడిగాను, కట్లు కట్టాను. నా ఒంటికి ఆ క్రిమి పరిచయం. జబ్బు రాలేదు, ఒక మచ్చ లేదు. కానీ పరీక్షకి నేనెప్పుడూ పాజిటివే. నాతో కలిసి ఎన్నిసార్లు భోంచేశావు?"

లెక్కలేనన్ని సార్లు. ఆవిడ పెరుగన్నం డబ్బాలోంచే తిన్నాను.

"యాంటీబాడీ ఉంటే ఒళ్ళు దేన్నో చూసిందని అర్థం. జబ్బుందో లేదో చర్మం చూసి, నరాలు చూసి చెప్పాలి. పైకి మడువు కోటు చేతులు."

దూది కొసని సన్నటి పోగులా మెలిపెట్టారు. "ఆ జబ్బుంటే స్పర్శ తెలీదు. కళ్ళు మూసుకో. తాకినచోట వేలు పెట్టి చూపించు." ముంజేయి, మోచేయి, చెంప, పాదం. అంత తేలికైన స్పర్శ కోసం అంత ఆశగా నేనెప్పుడూ ఎదురుచూడలేదు. ఒక్కటి కూడా తప్పలేదు. ఆ వారమే ఆవిడే కార్‌లో నన్ను చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఏమీ లేదు, మచ్చ కనిపిస్తే రమ్మన్నాడు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు అడిగారు. "చిన్నప్పుడు ఎవరైనా ఉన్నారా, ఆ జబ్బున్నవాళ్ళు?"

చాలాసేపటికి గుర్తొచ్చింది. "రాజవ్వ. మా పక్కింటామె. నన్ను సంకలెత్తుకొని బడికి తీస్కవోయేది. ఆమె వేళ్ళు వంగి ఉండె. ముసలితనం అనుకున్న."

"ఆవిడ వల్లే అని ఎవరూ చెప్పలేరు. కానీ రోజూ ఎత్తుకుందిగా?"

"ఎత్తుకున్నది."

"మరి అది మర్చిపోయావేం?" అన్నారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత రాజవ్వ చుట్టపొగ వాసన తలుచుకుని పడుకున్నాను.

మర్నాడు నా అడ్డగీత పక్కన నా చేతే అసలు కారణం రాయించి, సంతకం పెట్టించి, అంకెని మళ్ళీ పట్టికలో చేర్పించారు. అప్పటినుంచి పసుపెక్కిన ఏ అంకె కిందా "కుష్ఠు" అన్న మాట రాయలేదు. "యాంటీబాడీ కనిపించింది, చర్మం, నరాలు పరీక్షించండి" అని రాశాను. ప్రతిసారీ ఆ అంకె వెనక, చొక్కా చేతులు పైకి మడిచి, కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి ఉన్నట్టే అనిపించేది.

ఆ తర్వాత అయిదేళ్ళు ఆవిడతో పనిచేశాను. ఏటా కొత్తగా తీసే ఆవిడ రక్తంలో పసుపు కొంచెం కొంచెం పలచబడేది. "ఊరు వదిలి చాలాకాలమైంది కదే, ఒళ్ళు కూడా మెల్లగా మర్చిపోతోంది" అని నవ్వేవారు. నాకది నవ్వులా వినిపించేది కాదు. ఒక వసంతంలో మూల గుంట దాదాపు నీళ్ళలా ఉండిపోయింది. ఆవిడ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. సొరుగులోంచి రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే రబ్బరు పట్టీ తీసి నా ముందు పెట్టారు.

"ఇక నీ వంతు. పోలెలు తినకుండా రా."

ఆ ఏడే రిటైరై కూతురి దగ్గరికి సన్నీవేల్ వెళ్ళిపోయారు. రెండేళ్ళ క్రితం పోయారు. వెళ్ళి చివరిచూపు చూడలేకపోయాను, ఆ బాధ పోదు. "వ" గొట్టం ఆఖరిది ఒకటి నా ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉంది. దాన్ని కరిగించను.

ఇప్పుడు మూల గుంటలో పోసేది నా రక్తమే. కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజే చెప్పేస్తాను. నాలుగు నెలలు దాచే ఓపిక నాకు లేదు. కొందరు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. నేనేమీ అనను. ఒకప్పుడు నేనూ అంతే కదా. కోటు చేతులు పైకి మడిచి, దూది పోగు మెలిపెట్టి వాళ్ళ చేతికిచ్చి, నేను కళ్ళు మూసుకుని, తాకమంటాను.