పుంగనూరులో దిగమన్న ఆమె

మదనపల్లెలో కుప్పం బస్సెక్కాను. ఎడమ పాదం మొద్దుబారినట్టుంటే చెప్పు విప్పి కూర్చున్నాను. పక్క సీట్లో తల నెరిసిన ఒకావిడ నా కాలివైపే చూస్తోంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యానని ఆమే చెప్పింది.

"షుగర్ ఉండాదా అప్పా?"

"ఉండాది. చెప్పు కరిచిందమ్మా, అంతే."

ఆమె వంగి నా బొటనవేలి కొసను గట్టిగా నొక్కి వదిలింది. పెద్దావిడ నా కాలు పట్టుకోవడమేమిటని వెనక్కి లాక్కోబోయాను. వదల్లేదు. కుడికాలి వేలినీ అలాగే నొక్కింది.

"నువ్వే సూడు. ఈ కుడికాల్లో వదిలీ వదలకముందే ఎరుపొచ్చె. ఆ ఎడమకాల్లో ఐదు లెక్కబెట్టినా తెల్లగానే ఉండాది. సన్న నాళాల్లోకి నెత్తురు పారడం లేదప్పా."

"నొప్పేం లేదే!"

"అందుకే భయపడతాండాను. కుప్పానికి ఇంకో దినం పోవచ్చు. పుంగనూరులో దిగి వెనక్కి పో. ఈ పొద్దే డాక్టరుకు సూపించు."

బస్సంతా మమ్మల్నే చూస్తోంది. ఆ సిగ్గుకు, చిరాకుకు పుంగనూరులో దిగిపోయాను.

మదనపల్లెలో డాక్టరు కూడా ఆ వేలిని అలాగే నొక్కి చూశాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రెండు వేళ్లు తీసేశారు. ఇంకో వారం ఆగివుంటే మోకాలి కింద నుంచి కాలే తీయాల్సి వచ్చేదన్నారు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. రోజూ నడుస్తున్నాను. ఆమె పేరు తెలియదు. ఆ రోజు నేను మరిచిపోయిన సంచిని ఆమె కిటికీలోంచి అందిస్తే, మొహం కూడా చూడకుండా లాక్కున్నాను.