కండువా కింద చెయ్యి

అంబాజీపేటలో కురిడీ కొబ్బరి కొట్టు అరుగు మీద పెరిగినవాణ్ణి కనుక, నాకు నడక కంటే ముందే బేరం వచ్చిందని మా బంధువులు అనేవారు. అందులో పొగడ్త పాలు తక్కువ. రెండువేల సంవత్సరం దాటాక, యానిమేషన్ నేర్పుతామంటూ అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటరు బోర్డు పెట్టింది. ఫీజు తగ్గించమని మధ్యాహ్నం దాకా కూర్చుని, చివర్లో వాళ్ల గోడగడియారం కూడా అడిగాను. ఫీజు తగ్గింది. గడియారం ఇవ్వలేదు.

అది నోటితో ఆడే బేరం. మా నాన్నగారి తరం వర్తకులు పెద్ద సరుకు దగ్గర నోరు మెదిపేవారు కారు. కొనేవాడు, అంటే మాలాంటి వర్తకుడు, తన భుజం మీది కండువా ఒక కొస అక్కడే ఉంచి, రెండో కొస ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. లోపల ఏ వేళ్లు పట్టుకుంటే ఆ ధర. చుట్టూ మనుషులున్నా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆ కండువా కిందికి వెళ్లగానే నా అరచెయ్యి తడిసిపోయేది, వేళ్లు వణికేవి. ఒకసారి ఒక రైతు చెయ్యి తుడుచుకుంటూ, "అబ్బాయిగారి చెయ్యి చేపలాగా జారిపోతందండి. కాట్రేనికోన చేపల బజారుకి పంపించెయ్యండి, పనికొస్తారు" అన్నాడు. కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను.

దసరా నుంచి బేరాలన్నీ నన్నే చూసుకోమని నాన్నగారు నేను కోర్సులో చేరిన ఏడే చెప్పారు. అందరితో వాదించే నాకు, నా వల్ల కాదని చెప్పడానికి మాట దొరకలేదు. చెప్పలేనిదాన్ని కోర్సు చివర చెయ్యాల్సిన చిన్న సినిమాలో పెట్టాను. రెండు మొహాలు, కదలవు. మధ్యలో గాజులాంటి కండువా. దాని కింద ఒక చెయ్యి స్థిరంగా ఉంటుంది. రెండో చేతి వేళ్లు వణుకుతూ, సాగుతూ, ముడిపడుతూ ఉంటాయి. శబ్దానికి కురిడీ కాయ ఊపాను. ఎండిన కొబ్బరి చిప్పలో విడిపోయి గుడగుడలాడుతుంది. నా భయానికి అంతకంటే దగ్గరి చప్పుడు దొరకలేదు.

అందరికీ చూపించే ముందు నాన్నగారిని సెంటరుకి తీసుకెళ్లి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కండువాలోంచి వేళ్లు కనపడతన్నాయేంట్రా?"

"కనపడాలనేనండి."

"వర్తకులందర్నీ పిలిచేవు. పెళ్లాం పిల్లలతో వస్తారు. ఏ వేలు పడితే ఏ ధరో అందరికీ చూపించేస్తావా? ఆనక ఈ కండువా బల్ల తుడుచుకోడానికా?"

"బొమ్మలో ధర లేదు కదండీ."

"వేళ్లున్నాయి. చాలు."

ఆయన చూసింది వ్యాపార రహస్యాన్ని. నా భయాన్ని కాదు. సగం వేళ్లు దాస్తానన్నాను, కుదరదన్నారు. బొటనవేలు ఒక్కటీ ఉంచుతానన్నాను. "అదే అసలుది" అన్నారు. వేళ్లన్నీ పోయి, కాయ చప్పుడు ఒక్కటీ మిగిలింది. అంత చెడ్డ బేరం నేనెప్పుడూ ఆడలేదు.

కండువాకి తెల్లరంగు నింపేశాను. ఇక చెయ్యి వణకాలంటే గుడ్డ మడతలే వణకాలి. ఒక్కో మడతా గీస్తూ పోతే, వేళ్లకంటే గుడ్డే ఎక్కువ బయటపెడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ సంగతి ఇంట్లో అనలేదు.

సినిమా వేసినరోజు కాయ మోగగానే ముందు వరసలో ఒక వర్తకుడు అలవాటుగా, "బాగా ఎండిందండి" అన్నాడు. నాన్నగారు తిరుగు బస్సులో అడిగారు.

"ఆ వణికే చెయ్యి ఎవరిది?"

"రైతుదండి."

"భుజం మీద కొస ఉన్నవాడి వైపే కదరా గుడ్డ వణికింది. కండువా కొనేవాడిది."

"ఆయ్, అవునండి" అన్నాను.



దసరా వెళ్లాక మొదటి సరుకు దిగింది. నాన్నగారు తన కండువా తీసి, మా కొట్లోనే పనిచేసే మా అక్క భర్త భుజం మీద వేశారు. "నువ్వెళ్లి లారీ కిరాయి మాట్లాడు. అది నోటితో పని" అన్నారు నాతో.

వెళ్లాను. చేతులు వెనక్కి కట్టుకుని, డ్రైవరుతో పొద్దెక్కేదాకా మాట్లాడాను.